మేత లెక్క, మోత లెక్క

మా తాతగారి చదువు రెండో తరగతితో ఆగిపోయింది. అయినా తూకంలో గాని, లెక్కలో గాని ఆయనను ఏమార్చగలిగిన వ్యాపారి గుంటూరులో ఇంకా పుట్టలేదని మా పర్చూరు ప్రాంతంలో చెప్పుకొనేవారు. నల్లరేగడిలో పండిన పత్తినీ మిరపకాయలనూ ఆయన సొంత బండి మీదే గుంటూరు తోలేవారు. చిలకలూరిపేట మీదుగా ఇంచుమించు అరవై కిలోమీటర్లు. మూడు మజిలీల ప్రయాణం. బయలుదేరే ముందునాడు ఆయన మొట్టమొదట చేసే పని బస్తాలు ఎత్తించడం కాదు. బండి కింద వేలాడగట్టిన గోనెలో జొన్నచొప్ప కుక్కించేవారు. ఉలవల మూట ఒకటి, పత్తిగింజల సంచి ఒకటి పక్కన పెట్టించేవారు. ఆ తరవాతనే బస్తాల వంక చూసేవారు.

"ముందు మేత లెక్క చూసుకోవాలిరా, మోత లెక్క తరవాత. ఎద్దు తినేది కూడా ఎద్దే మొయ్యాలి గదా!" అనేవారు.

చిన్నతనంలో ఆ మాట ప్రాస కోసం అన్నదేమో అనుకొన్నాను. రవాణా చరిత్రకంతకూ అదే మూలసూత్రమనీ, మా జిల్లా చూసిన అతిఘోరమైన సంవత్సరాన్ని అర్థం చేసుకోవడానికి అదే దారి చూపుతుందనీ తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

తెలిసిన సందర్భం చాలా చిన్నది. ఒకసారి చిలకలూరిపేట దాటాక రహదారి పక్కన ఒక పెట్రోలు బంకులో ఆగాను. ట్యాంకరు లారీ ఒకటి నేలలోని తొట్టిలోకి డీజిలు దింపుతోంది. దాని వీపు మీద 12,000 లీటర్లని రాసి ఉంది. ఎన్నాళ్లకోసారి వస్తుందని అక్కడి కుర్రవాణ్ణి అడిగాను. "మామూలుగా రెండు మూడు రోజులకోసారండీ. మిరపకాయల రోజుల్లో అయితే రోజు విడిచి రోజు" అన్నాడు. కారులో కూర్చున్నాక తాతగారి అలవాటు నాలో నిద్ర లేచింది. ఈ దేశం మొత్తం కలిసి రోజుకెంత తాగుతుంది?

రెండున్నర రోజులకు 12,000 లీటర్లంటే, రోజుకు 4,800 లీటర్లు. దేశంలో ఇలాంటి బంకులు 2025 నాటికి దాదాపు లక్ష ఉన్నాయి. లక్షను 4,800తో గుణిస్తే 48 కోట్ల లీటర్లు. కాగితం కూడా అక్కరలేని నోటిలెక్క ఇది. ఇంటికి వెళ్లి ప్రభుత్వ గణాంకాలతో సరిచూశాను. 2023-24లో మన దేశం వాడిన డీజిలు సుమారు 9 కోట్ల టన్నులు. పెట్రోలు సుమారు 3.7 కోట్ల టన్నులు. 365తో భాగించి, టన్నుకు డీజిలైతే 1,200 లీటర్లు, పెట్రోలైతే 1,370 లీటర్లు చొప్పున మార్చుకొంటే, రోజుకు డీజిలు దాదాపు 30 కోట్ల లీటర్లు, పెట్రోలు దాదాపు 14 కోట్ల లీటర్లు. వెరసి 44 కోట్లు. నా లెక్క 48. పదిశాతం కూడా తేడా లేదు!

ఇందులో నా గొప్పతనమేమీ లేదని వెంటనే చెప్పుకోవాలి. నగరాల్లోని బంకులు నేను చూసినదానికంటె ఎన్నో రెట్లు అమ్ముతాయి. మారుమూల బంకులకు ట్యాంకరు వారానికోసారి కూడా రాకపోవచ్చు. రైల్వేల వంటి పెద్ద వాడకందార్లు బంకుల మొహమే చూడరు. ఒక పొరపాటు పైకి లాగితే, ఇంకొకటి కిందికి లాగింది. ఉజ్జాయింపు లెక్కలోని రహస్యమే అది. తప్పులన్నీ ఒకే వైపు ఉండకపోతే అవి ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఇటలీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ తన విద్యార్థులకు ఇలాంటి ప్రశ్నలే వేసేవాడని ప్రతీతి. ఆ పేరుతోనే వాటిని ఫెర్మీ లెక్కలంటారు. కానీ మా ప్రాంతానికి ఫెర్మీ కంటె పాతకాపు ఒకడున్నాడు. మహావీరాచార్యుడి సంస్కృత గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దిలో తెనిగించిన పావులూరి మల్లన కమ్మనాటి పావులూరివాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆ పావులూరు ఇంకొల్లు దగ్గరే ఉంది. తెలుగులో కావ్యాలు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజుల్లో లెక్కల పుస్తకం రాయాలని ఒకడికి తోచిన నేల ఇది. తాతగారి మీద నాకున్న అభిమానానికి ఇది చారిత్రకమైన ఆసరా అనుకొంటూ ఉంటాను.

సరే, 44 కోట్ల లీటర్లు అన్నాం. 140 కోట్ల పైబడిన జనానికి పంచితే తలకు రోజుకు 300 మిల్లీలీటర్లు. చంటిపిల్లలతో సహా ప్రతి ఒక్కరి పేరా ఒక చిన్న సీసాడు చమురు ప్రతిరోజూ కాలిపోతోందన్నమాట. అంకె దొరికింది. కానీ అంకె దొరికిన తరవాతనే నన్ను అసలు ప్రశ్న పట్టుకొంది. ఈ చమురు రాకముందు మా నేల ఏమి తాగేది? ఎంత తాగేది?

*

ఎద్దుల కాలంలో ఇంధన వ్యయం లేదని మనం అనుకొంటూ ఉంటాం. గడ్డి ఊరికే మొలుస్తుంది, ఎద్దు ఊరికే నడుస్తుంది అని ఒక భ్రమ. 1830 ప్రాంతపు గుంటూరు జిల్లాను తీసుకొందాం. జనాభా సుమారు 5 లక్షలు. మనిషికి రోజుకు అరకిలో గింజలు వేసుకొంటే, జిల్లాకు రోజుకు 250 టన్నుల తిండి కావాలి. అయిదుగురికి ఒక ఎద్దు చొప్పున వేసుకొందాం. నా ఊహే, కానీ సేద్యమే బ్రతుకైన చోట అది ఎక్కువ కాదు. లక్ష ఎడ్లు. ఎద్దుకు రోజుకు 7 కిలోల ఎండుమేత. అంటే 700 టన్నులు. ఆవులనూ గేదెలనూ లెక్కలోకి తేకుండానే, మనుషుల తిండికి దాదాపు మూడు రెట్ల బరువు ఇంధనాన్ని మా జిల్లా ప్రతిదినమూ వాడుకొనేది.

ఆ 700 టన్నులు ఎక్కడినుంచి వచ్చేవి? ఆ 250 టన్నులు వచ్చిన పొలంలోనుంచే! జొన్నకంకి మనిషికి, జొన్నచొప్ప ఎద్దుకు. పత్తి బట్టకు, పత్తిగింజ ఎద్దుకు. ధాన్యం మనిషికి, తవుడూ గడ్డీ పశువుకు. ఒక్క మొక్కలోనే తిండీ ఇంధనమూ కలిసి పండేవి. మంచి ఏడాదుల్లో ఇంతకంటె చక్కని పొదుపు ఇంకొకటి ఉండదు. వాన తప్పిన ఏడాది సంగతి వేరు. వాన తప్పితే కంకీ లేదు, చొప్పా లేదు. తిండి లేకుండా పోయిన రోజునే, ఇంకొక చోటినుంచి తిండి తెచ్చే బలమూ లేకుండా పోతుంది.

సరిగ్గా అదే 1832-33లో జరిగింది. తెలుగు సంవత్సరం నందన. అందుకే దానికి నందన కరువనీ, ఎండిన డొక్కలు తప్ప ఒంటిమీద ఇంకేమీ కనిపించని జనాన్ని చూసి డొక్కల కరువనీ పేరు వచ్చింది. జిల్లాలోని 5 లక్షల జనంలో లక్షన్నర నుంచి 2 లక్షల దాకా చనిపోయారని తరవాతివారి అంచనాలు. గార్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్ నాటికి కూడా ఆ జ్ఞాపకం పచ్చిగానే ఉంది. ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి. చెన్నపట్నం పోయే బాట పొడుగునా శవాలు పడి ఉండేవని ఆ కాలపువారు రాసిపెట్టారు.

జిల్లా బయట ధాన్యం లేదా? ఉంది. మరి ఎందుకు రాలేదు? కంపెనీ ప్రభుత్వం ధరల్లో తలదూర్చనని భీష్మించడం, జమీందారీల దుస్థితి, శిస్తుల బరువు, ఇవన్నీ చరిత్రకారులు చెప్పిన కారణాలు. వాటిలో దేన్నీ నేను కాదనను. కానీ వాటికి తోడు తాతగారి లెక్క ఒకటి వేసి చూడాలనిపించింది.

ఆ రోజుల్లో దూరపు సరుకు నడిచింది ఎక్కువగా పెరికె ఎడ్ల మీద. వీపుకు ఇరువైపులా గోనెలు వేసుకొని, లంబాడీలు మందలు మందలుగా తోలేవారు. మా తీరపు ఉప్పును దక్కను లోపలికి చేర్చి, తిరుగుదారిలో ధాన్యమూ పత్తీ తెచ్చేవారు. పెరికె ఎద్దు మోసేది 120 కిలోలనుకొందాం. నడక రోజుకు 15 కిలోమీటర్లు. మేత రోజుకు 7 కిలోలు. మామూలు ఏడాదుల్లో ఈ మేత లెక్కలోకే రాదు. మంద దారి పక్కన మేసుకొంటూ పోతుంది. బాట పక్కన మొలిచిన పచ్చికే ఆనాటి పెట్రోలు బంకు. కరువు ఏడాది ఆ బంకులన్నీ మూతబడ్డాయి. ఎద్దు తన మేత తానే మోసుకొని రావాలి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక కిలోమీటరు దూరానికి, పోను రాను కలిపి, ఎద్దు తినేది 930 గ్రాములు. 120 కిలోలను దానితో భాగిస్తే 128. అంటే 128 కిలోమీటర్ల అవతలనుంచి బయలుదేరిన ఎద్దు, తిరిగి ఇల్లు చేరేసరికి తాను మోసినంతా తానే తినేస్తుంది. అంతకంటె దూరంలో ఎంత ధాన్యం గాదెలనిండా ఉన్నా గుంటూరుకు అది లేనట్టే.

బండి కొంత నయం. జత ఎడ్లు 600 కిలోలు లాగుతాయనుకొందాం. రోజుకు 20 కిలోమీటర్లు. పెద్ద ఎడ్లు కాబట్టి జతకు 16 కిలోల మేత. కిలోమీటరుకు, పోను రాను, 1.6 కిలోలు. 600ను 1.6తో భాగిస్తే 375 కిలోమీటర్లు. చెన్నపట్నం నుంచి గుంటూరు ఇంచుమించు 400 కిలోమీటర్లు! ఈ అంకె వచ్చిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. రాజధాని నుంచి బయలుదేరిన ధాన్యపు బండి, దారిలో పూచిక దొరకకపోతే, గుంటూరులో ఒక్క గింజ కూడా దింపలేదు.

చొప్పకు బదులు గింజలే పెడితే బరువు కొంత తగ్గదా అని మీరడగవచ్చు. తగ్గుతుంది. కానీ అప్పుడు మనిషి నోటి ముందరి తిండి ఎద్దు తింటుంది. సముద్రం దగ్గరే కదా అనీ అడగవచ్చు. నిజమే, ఓడల్లో వచ్చిన ధాన్యం రేవుకు చేరుతుంది. రేవునుంచి లోపలికి మోయవలసినవి మళ్లీ ఆ బక్కచిక్కిన ఎడ్లే. అవి అప్పటికే వేలకు వేలు చచ్చిపోతున్నాయి.

కాబట్టి ధాన్యం మనుషుల దగ్గరికి రాలేదు. మనుషులే ధాన్యం దగ్గరికి నడిచారు. చెన్నపట్నం బాట మీద రాలిపోయినవాళ్ల లెక్క కూడా మేత లెక్కే. రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున 20 రోజుల నడక. రోజుకు అరకిలో చొప్పున చేతిలో 10 కిలోల గింజలుండాలి. 10 కిలోల గింజలు ఇంట్లో ఉన్నవాడు ఊరు విడిచి ఎందుకు బయలుదేరతాడు?

*

నందన కరువు తరవాత ఏళ్ల తరబడి జిల్లా కోలుకోలేదు. శిస్తు రాబడి పడిపోవడంతో కంపెనీకి చీమకుట్టినట్టయింది. విచారణకు వచ్చిన వాల్టర్ ఇలియట్ 1846లో గుంటూరు దుస్థితి గురించి నివేదిక ఇచ్చాడు. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న ప్రయత్నానికి అది బలమిచ్చింది. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855 నాటికి కృష్ణా ఆనకట్ట పూర్తయింది.

కాటనును మనం నీళ్లిచ్చిన దొరగా కొలుస్తాం. ఆయన జీవితమంతా వాదించిన రెండో సంగతిని అంతగా తలచుకోం. కాలువ నీళ్లిచ్చేది మాత్రమే కాదు, బండి లాగేది కూడా అన్నాడాయన. రైళ్లకంటె పడవ కాలువలు ఎన్నో రెట్లు చవకని పాలకులతో పోట్లాడాడు. తాతగారి లెక్కతో ఆయన వాదాన్ని తూచి చూద్దాం. కాలువలో పడవకు 15 టన్నుల సరుకు. గట్టు మీద తాడు పట్టి లాగేవాళ్లు నలుగురు. మనిషికి ముప్పావు కిలో గింజల చొప్పున రోజుకు 3 కిలోలు. నడక 20 కిలోమీటర్లు. కిలోమీటరుకు, పోను రాను, 300 గ్రాములు. పడవ తన సరుకంతా తానే తినేయాలంటే 50,000 కిలోమీటర్లు పోవాలి. భూమి చుట్టుకొలత 40,000!

పెరికె ఎద్దుకు 128. బండికి 375. పడవకు 50,000. నేలమీద లాగే ఎద్దు కడుపుకూ, నీటిమీద లాగే మనిషి కడుపుకూ మధ్య ఇంత దూరముంది. నాలుగు మైళ్లు అటూ ఇటూ అయినా, నా ఊహలు సగానికి సగం తప్పయినా, ఈ తేడా చెరిగిపోదు. ఉజ్జాయింపు లెక్క విలువ ఇక్కడ తెలుస్తుంది. అంకె కచ్చితం కాకపోయినా తీర్పు మారదు.

కొమ్మమూరు కాలువ కృష్ణా పడమటి డెల్టాను దాటి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలిసింది. చెన్నపట్నానికి ఉత్తరాన 1806లో చిన్న కాలువగా పుట్టిన ఈ జలమార్గం, 1876-78 కరువులో కూలిపనులు కల్పించడానికి చేపట్టిన తవ్వకంతో అతుకు పడి, నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టుకొంది. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. ఉప్పు, ధాన్యం, చెన్నపట్నపు పొయ్యిల కోసం వంటచెరకు, అన్నీ దాని మీద నడిచాయి. ఒక కరువులో నడిచి చచ్చినవాళ్ల బాట పక్కనే, ఇంకొక కరువులో చావకుండా ఉండడానికి తవ్వినవాళ్లు వేసిన నీటిబాట అది.

ఆ తవ్వినవాళ్ల కడుపుల మీద కూడా ఒక లెక్క నడిచింది. అది చెప్పకుండా ముందుకు పోలేను. మద్రాసు రాజధానిలో కరువు ఖర్చు తగ్గించడానికి 1877 జనవరిలో వచ్చిన రిచర్డ్ టెంపుల్, కూలిపనుల్లోని మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. పౌనంటే 450 గ్రాములు. ధాన్యం నుంచి వచ్చే శక్తి కిలోకు 3,500 కిలోకేలరీలనుకొంటే, అది 1,600కు మించదు. మట్టి తవ్వి మోసేవాడికి అంతకు రెట్టింపు కావాలి. మద్రాసు పారిశుద్ధ్యాధికారి డాక్టరు కార్నిష్ ఈ లెక్కను బహిరంగంగా ఎదిరించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. అప్పటికే శిబిరాల్లో జనం రాలిపోయారు. టెంపుల్ గుణకారం తప్పు కాదు. ఆయన మోత లెక్క చూశాడు, మేత లెక్క చూడలేదు. తప్పు లెక్కను కాగితం ఓర్చుకొంటుంది, కడుపు ఓర్చుకోదు.

అప్పటికే దేశంలో రైళ్లున్నాయి. రైలు మేత బొగ్గు. అది కరువు ఏడాది కూడా ఎండదు. అయినా ఆ కరువులో లక్షలమంది చచ్చారు. ఎందుకంటే రైలు ధాన్యాన్ని ఆకలి ఉన్నచోటికి కాదు, డబ్బు ఉన్నచోటికి మోస్తుంది. ఆ ఏళ్లలో కూడా ఈ దేశంనుంచి ధాన్యం ఎగుమతి అయింది. కాబట్టి ఇంధనం ఒక్కటే అన్నం పెట్టదు. అది లేకపోతే మాత్రం అన్నం కదలదు. 1899 నాటికి బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా బెజవాడకూ చెన్నపట్నానికీ రైలు కలిసింది. తరవాత రోడ్లు, లారీలు వచ్చాయి. కాలువ మెల్లగా పూడిపోయింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలన్నిటినీ కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పెదగంజాం దగ్గర గట్టున నిలబడి చూస్తే ఆ ప్రకటన కంటె తుమ్మచెట్లే ఎక్కువ కనిపిస్తాయి.

*

ఇక మన లారీ దగ్గరికి వద్దాం. 10 టన్నుల సరుకు, లీటరుకు 4 కిలోమీటర్లు. లీటరు డీజిలు బరువు 830 గ్రాములు. లారీ తన సరుకంత బరువు డీజిలు తాగడానికి పోను రాను 24,000 కిలోమీటర్ల చొప్పున పోవాలి. ఎద్దుకు 128, లారీకి 24,000. నందన కరువు మళ్లీ రాలేదంటే, మనం మంచివాళ్లమైనందువల్ల మాత్రమే కాదు.

మా గుంటూరు మిరప యార్డునే చూడండి. ఆసియాలోకెల్లా పెద్దదంటారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోజుకు లక్ష టిక్కీలు రావడం అక్కడ విశేషమేమీ కాదు. టిక్కీకి 40 కిలోలు వేసుకొన్నా 4,000 టన్నులు; 400 లారీలు. సగటున 80 కిలోమీటర్ల దూరమనుకొంటే, పోను రాను లారీకి 40 లీటర్లు. మొత్తం 16,000 లీటర్లు. బరువులో 13 టన్నులు. నేను చూసిన ట్యాంకరుకు కాస్త ఎక్కువ, అంతే! ఇదే సరుకు తాతగారి బండ్ల మీద రావాలంటే రోజూ దాదాపు 6,700 బండ్లు యార్డులో దిగాలి. పోను రాను ఎనిమిది రోజులు కనుక దారిలో ఎప్పుడూ 53,000 బండ్లుండాలి. అంటే లక్ష ఎడ్లు. రోజుకు 850 టన్నుల మేత. 1830 నాటి జిల్లాలో నేను ఊహించిన ఎడ్లన్నీ దుక్కి మానేసి మిరపకాయలే మోయాలి.

850 టన్నుల చోట 13 టన్నులు. ఇది చిన్న విముక్తి కాదు. ఎద్దుల కాలం బంగారుకాలమని నిట్టూర్చేవాళ్లతో నేను గొంతు కలపలేకపోవడానికి కారణం ఈ అంకెలే. అన్నిటికంటె పెద్ద మార్పు బరువులో కూడా లేదు. తిండీ ఇంధనమూ ఒకే పొలంలో పండే కాలం పోయింది. వాన తప్పిన ఏడాది మా జొన్న ఎండిపోతుందేమో గాని, లారీ డీజిలు ఎండిపోదు. మా ఊరి కరువు మా ఊరి రవాణాను చంపదు. నందన సంవత్సరానికీ మనకూ మధ్య అడ్డుగోడ ఇదే.

అయితే మేత లెక్క అక్కడితో తీరిపోలేదు. ఎద్దు మారింది గాని ప్రశ్న మారలేదు. మన లారీ గడ్డి ఎక్కడ మొలుస్తోంది? ఈ దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా సముద్రాల అవతలిది. మా చొప్పవామి ఇప్పుడు బస్రా దగ్గరో, రష్యాలోనో ఉంది. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించినప్పుడు ధర కొద్దినెలల్లో నాలుగింతలైంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డ తరవాత, డబ్బాలు పట్టుకొని డీజిలు కోసం వరసలో నిలబడిన కుర్రవాళ్లలో నేనొకణ్ణి. మా ట్రాక్టరు పొలం గట్టున నిలిచిపోయింది. దాన్ని కొనడానికి అమ్మేసిన ఎడ్లజతను తలచుకొని తాతగారు ఒక్కమాట కూడా అనలేదు. ఖాళీ గొడ్లసావిడి వంక మాత్రం చాలాసేపు చూశారు.

ఆ చూపుకు జవాబుగా ఇప్పుడు ఒక చిన్న భాగహారం చేయగలను. 2023-24లో అన్నిరకాల పెట్రోలియం వాడకం 23 కోట్ల టన్నుల పైచిలుకు, రోజుకు 6.4 లక్షల టన్నులు. ఆపత్కాలానికని ప్రభుత్వం విశాఖపట్నం, మంగళూరు, పాడూరుల్లో నేలకింద తొలిపించిన గుహలు మూడూ నిండితే 53.3 లక్షల టన్నులు. భాగిస్తే ఎనిమిది రోజులు. అందులో విశాఖ గుహ 13.3 లక్షల టన్నులు. అది రెండు రోజులు. చమురు సంస్థల సొంత నిల్వలు కలుపుకొంటే డెబ్భై రోజుల పైచిలుకు అవుతుందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. మా ఇంట్లో చొప్పవామి ఒక వేసవి దాటించేది. తాతగారు రెండు వేసవులకు సరిపడా వామి వేసేవారు. మొదటిది వాడకానికి, రెండోది వాన తప్పితే.

ఎన్ని రోజుల నిల్వ ఉండాలో చెప్పేపాటి పండితుణ్ణి కాను. కానీ ఈ అంకె తెలియకుండా ఏ పౌరుడూ ఉండకూడదని మాత్రం అనిపిస్తుంది. ఇంటి బియ్యపు డబ్బాలో ఎన్నాళ్లకు ఉన్నాయో తెలియని ఇల్లాలు ఉండదు. దేశపు మేత ఎన్నాళ్లకు ఉందో తెలుసుకోవడానికి ఒక గుణకారం, ఒక భాగహారం చాలు. అంతటి చిన్న లెక్కను పెద్దవాళ్లకు వదిలేస్తే ఏమవుతుందో 1833లో చెన్నపట్నం బాట చెప్పింది, 1877లో ఒక పౌను ధాన్యం చెప్పింది.

తాతగారు పోయి చాలా ఏళ్లయింది. ఆ బండి ఇరుసు, చక్రాల కమ్ములు తూకానికి పోయాయి. ఆయన చొప్ప కుక్కించిన గోనె మాత్రం సావిడి దూలానికి చాలాకాలం వేలాడుతూ ఉండేది. ఎందుకు ఉంచారని ఒకసారి అడిగితే, "బండి లేకపోయినా మేతకు చోటు ఉండాలిరా" అన్నారు. అప్పుడు నవ్వాను.

లెక్కల్లో నేను వేసుకొన్న ఊహలన్నీ పైన విప్పి పెట్టాను. ఎద్దు మోతలోనో, మేతలోనో మీ ఊరి అనుభవం వేరుగా ఉంటే ఆ అంకె వేసి మళ్లీ భాగించి చూడండి. 128 కిలోమీటర్లు 100 కావచ్చు, 200 కావచ్చు. అది 24,000 మాత్రం కాదు. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.